నరేశ్ చెప్పని అంకె

ఏడేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. దించుకోవడానికి చోటు దొరకలేదు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. కానీ ఒకసారి చూసిన అంకె, ఒకసారి విన్న మాట నన్ను వదిలిపోవు. ఏ పెళ్లిలో ఎవరు ఏ రంగు చీర కట్టారో ఇప్పటికీ చెప్పగలను. మా వాళ్లంతా మెచ్చుకునేది దాన్నే. ఆ జ్ఞాపకంతోనే ఒక ఇంటిని రెండు చేశాను. నా పేరు చెప్పలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది కోదాడ. నా చెల్లెలు సుజాతనూ ఈ ఊళ్లోనే ఇచ్చారు. మా ఆయనా, సుజాత భర్త వెంకన్నా ఇద్దరూ వడ్ల వ్యాపారమే చేస్తారు. తోడల్లుళ్లు కదా, ఒకరు ఇంటికి రంగులేయిస్తే రెండో నెలలో ఇంకొకరు వేయించాల్సిందే. ఆ ఏడాది ఇద్దరూ కొత్త కార్లు కొన్నారు. ఇద్దరి మనసూ ఒకే నంబరు మీద పడింది. 2727. కూడితే తొమ్మిది వస్తుంది. మా దగ్గర వ్యాపారస్తులకు తొమ్మిది రాని బండి ఎంత ఖరీదైనదైనా బండి కాదు.

అలాంటి నంబరు ఊరికే రాదు. ఇద్దరు అడిగితే వేలం పెడతారు. ఎదురెదురుగా అరుచుకునే వేలం కాదు. కంప్యూటర్‌లో ఎంత ఇస్తారో ఆ అంకె ఎవరిది వాళ్లు వేయాలి. గడువు దాటేదాకా ఒకరిది ఒకరికి కనిపించదు. వెంకన్న తమ్ముడు నరేశ్‌కు అదే పని. బండ్ల ఆఫీసు దగ్గర చిన్న గదిలో కంప్యూటర్ పెట్టుకుని జనానికి దరఖాస్తులు నింపేవాడు. అన్న అంకె వేయాల్సిందీ అతడే.

వేలానికి ముందురోజు శుక్రవారం. పూలు ఇవ్వడానికి సుజాత ఇంటికి వెళ్లాను. అది పెరట్లో బట్టలు తీస్తోంది. నేనే పూజగదిలోకి వెళ్లి లక్ష్మీదేవి పటానికి పూలు పెట్టాను. పటం కింద నాలుగు మూలలా పసుపు పెట్టిన కాగితం ఉంది. పొలం కాగితమైనా, పెళ్లి శుభలేఖ అయినా ముందు దేవుడి దగ్గర పెట్టడం మా ఇళ్లలో అలవాటు. దాని మీద 2727 అని, దాని కింద 1,16,000 అని రాసి ఉంది. చదవాలని చదివానా? కళ్లు పడ్డాయి. నాకు అంతే చాలు.

నేను పూజగదిలోంచి వచ్చేశాక సుజాత బట్టలతో లోపలికి వచ్చి, “అంకె ఎంతనో ఎవ్వరికి చెప్పొద్దన్నడక్కా మీ మరిది. ఏమనుకోకు” అంది. “నాకెందుకే” అని నవ్వాను. చూశానే, ఆ కాగితం తీసి దాచుకో అని అప్పుడే అనొచ్చు కదా. ఎందుకు అనలేదు?

ఇంటికొచ్చేసరికి మా ఆయన ఎంత వేయాలో తేల్చుకోలేక గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. చెప్పాను. ఆయన ఆగి నా మొహంలోకి చూశాడు. “నీకు దిమాగ్ ఉన్నదే” అన్నాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో నాకు తెలివి ఉందని ఆయన అనడం అదే మొదటిసారి. అనుకోకుండా నోరు జారానని తర్వాత ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. జారలేదు. వంటింట్లోంచి బయటికి వచ్చి, ఆయన ఎదురుగా నిలబడి, ఆ మాట వినడం కోసమే చెప్పాను.

మా ఆయన లక్షా పదిహేడు వేలు వేశాడు. నంబరు మాకొచ్చింది. సాయంత్రం స్వీట్ల డబ్బా పట్టుకుని సుజాత ఇంటికి వెళ్లాను. వెళ్లకపోతే ఏమనుకుంటారోనని వెళ్లాను. వెంకన్న, సుజాత వాకిట్లో ఉన్నారు. నరేశ్ అప్పుడే బైక్ దిగాడు.

“మంచిగ చేసినవ్ తమ్మీ. ఎంత ముట్టింది నీకు?” అన్నాడు వెంకన్న.

“ఏం మాట్లాడుతున్నవ్ అన్నా?”

“సరిగ్గ వెయ్యి ఎక్కువేసిండు. ఏం, కలొచ్చిందా ఆయనకు?”

“వదినకు గూడ తెల్సు కద అంకె.”

“మీ వదిన సొంత అక్కకే చెప్పలే. గీడనే ఉన్నది, అడుగు. వదినా, సుజాత నీకు చెప్పిందా?”

అందరూ నా వైపు తిరిగారు.

“లేదు” అన్నాను.

అది అబద్ధం కాదు. సుజాత నాకు చెప్పలేదు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఇన్నేళ్లు నేను అబద్ధం ఆడలేదని నన్ను నేను ఊరడించుకున్నాను.

“ఇన్నవా? ఇగ నాకు తమ్ముడు లేడు. పో” అన్నాడు వెంకన్న.

“అమ్మ తోడన్నా, నేను చెప్పలే.” నరేశ్ మళ్లీ బైక్ ఎక్కాడు. వెళ్తూ నా వైపు చూశాడు. అనుమానంతో కాదు. తన తరఫున నేనొక మాట అంటానేమోనని. నేను డబ్బా సుజాత చేతికిచ్చి ఇంటికి వచ్చేశాను.

అంకెలు అమ్ముకుంటాడని పేరు పడ్డాక అతని గదికి ఎవరూ రాలేదు. ఆ ఏడాదే మూసేసి మిర్యాలగూడ వెళ్లి, ఒక రైసుమిల్లులో గుమస్తాగా చేరాడు. వాళ్లమ్మ సూర్యాపేట దవాఖానలో ఉన్నప్పుడు అన్న లోపలున్నంతసేపూ తమ్ముడు గేటు బయట నిలబడేవాడు. అన్న వెళ్లిపోయాక లోపలికి వచ్చేవాడు. ఆ ముసలామె, ఇద్దర్నీ ఒక్కసారి పక్కపక్కన చూపించమని అడిగి అడిగి పోయింది. నేను మంచం పక్కనే ఉన్నాను. నోరు తెరిస్తే ఇద్దరూ వస్తారని తెలుసు. తెరవలేదు. ఎలాంటి మనిషిని నేను?

మా ఆయనకు నా బాధ చెబితే, “చెప్పు పో. మీ చెల్లె మళ్ల నీ మొకం సూస్తదేమో” అన్నాడు. సుజాత చూడదు. మా అమ్మ పోయాక దాన్ని పెంచింది నేనే. దానికి నేను తప్ప పుట్టిల్లు లేదు. నాకూ అది తప్ప ఎవరూ లేరు. నిజం చెబితే దాన్ని పోగొట్టుకుంటాను. చెప్పకపోతే ఆ అన్నదమ్ములు ఇలాగే ఉండిపోతారు. ఎటు చూసినా దారి లేదు. ఆ కారు కూడా రెండేళ్ల కిందట అమ్మేశాం.

పోయిన నెల గుండె గట్టి చేసుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. నరేశ్ మిల్లు బయట కుర్చీ తుడిచి కూర్చోబెట్టి టీ తెప్పించాడు. నేను మాట కూడదీసుకునేలోపే అతనడిగాడు. “అక్కా, అన్నకు షుగర్ జర తగ్గిందా?”

తగ్గిందన్నాను. టీ తాగి తిరుగు బస్సెక్కాను.

నరేశ్ ఆ అంకె ఎవరికీ చెప్పలేదు. చెప్పింది నేను. వెంకన్న ముందు ఈ మాట ఏనాటికైనా అనగలనో లేదో నాకే తెలియదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఇప్పటిదాకా ఈ సంగతి మా ఇంటి గోడలు దాటలేదు. ఇప్పుడు మీకూ తెలుసు. ఆ అన్నదమ్ములకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు. నాకు మాత్రం కొంచెం ఊపిరి ఆడుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది.