‘వద్దు’ అనే మాట లేని ఉత్తరం

విజయవాడ వన్‌టౌన్‌లో నా అంత మర్యాదగా ఉత్తరం రాయగల వ్యాపారి మరొకరు లేరని పందెం కాస్తాను. ముప్పయ్యేళ్లుగా మా కొట్టుకు బెల్లం వేస్తున్న పెద్దమనిషికి, ఇక మీ సరుకు కొనం అని చెప్పాల్సి వచ్చింది. ఆయన ఉండేది ఉయ్యూరు, బస్సెక్కితే గంట ప్రయాణం. ఎదురుగా కూర్చుని ఒక్క ముక్క చెప్పి రావచ్చు. నేను పేజీన్నర ఉత్తరం రాసి రిజిస్టర్ పోస్టులో పంపాను. అందులో ఎక్కడా ‘వద్దు’ అన్న మాట లేదు. అంత గొప్పగా రాశాను.

తప్పు కొంత పెంపకానిది. కొట్టు బల్ల కింద ఆడుకుంటూ పెరిగినదాన్ని. గిరాకీ ఏమడిగినా ‘లేదు’ అనకూడదన్నది మా నాన్న నియమం. ‘రేపొస్తుందండీ’ అనొచ్చు, ‘దారిలో ఉందండీ’ అనొచ్చు, అంతకంటే మంచిది చూపిస్తానని కూర్చోబెట్టొచ్చు. ఆ ఒక్క మాట మాత్రం పనికిరాదు. నాన్న పోయి కొట్టు నా చేతికొచ్చేసరికి ఆ మాటకి నా నోరు తిరగడం మానేసింది.

ఆ పెద్దమనిషిని బాబాయ్ గారూ అంటాను. చుట్టరికమేమీ లేదు. సొంత పొలంలో చెరకు ఆడించి బెల్లం వండిస్తారు. ఏటా కొత్త బెల్లం మొదటి వంట దిగగానే పాత పేపర్లో ఒక దిమ్మ చుట్టుకుని వచ్చి, మా కొట్టులో స్టూలు మీద కూర్చునేవారు. ఇక రెండు గంటలు బేరం.

“తేమ ఎక్కువుంది బాబాయ్ గారూ.”

“నీ చేతికుంది తేమ. తుడుచుకుని ముట్టుకో.”

అర్ధరూపాయి దగ్గర ఇద్దరం మొండికేసి, చివరికి టీ తాగి ఒప్పుకునేవాళ్లం. లేచేటప్పుడు “ఇవాళ ఏం వండుకున్నావమ్మాయ్?” అని అడిగేవారు. కింద కొట్టు, పైన ఒంటి గది, అందులో నేను. ఏడాది మొత్తం మీద ఆ ప్రశ్న నన్ను అడిగే మనిషి ఆయనొక్కరే.

ఇప్పుడు కొనేవాళ్లకు పసుపు రంగు పొడి బెల్లం కావాలి, అదీ ప్యాకెట్లో. ఆర్డరు ఫోన్‌లో వస్తుంది. హెల్మెట్ తియ్యకుండానే ఒకతను వచ్చి, ప్యాకెట్ పట్టుకుని వెళ్లిపోతాడు. రేటెంతని అడిగే దిక్కు లేదు, తగ్గించమనే మాట అసలే లేదు. బాబాయ్ గారి నల్లబెల్లం కిందటేడాదిది సగం గోడౌన్లోనే చీమల పాలైంది.

ఆయనకీ సంగతి ముందే తెలియాలి. సీజను మొదలవకముందే చక్కెర ఫ్యాక్టరీ మనుషులు చెరకు ఒప్పందాలకు ఊళ్లు తిరుగుతారు. మేం కొనమని తెలిస్తే సంతకం పెట్టి చెరకు అటు తోలుకుంటారు. తెలియకపోతే అంతా బెల్లం వండేసి కూర్చుంటారు. ఫోన్ చేస్తే ఆయన బేరం మొదలుపెడతారు, ఆ గొంతు వింటే నేను పడిపోతాను. ఉత్తరమైతే ఎదురు మాట్లాడదు కదా అనుకున్నాను.

‘మీ సరుకుతో మా కొట్టుకున్న అనుబంధం వెలకట్టలేనిది. మారుతున్న కొనుగోలుదారుల అభిరుచుల దృష్ట్యా మా కొనుగోళ్ల పద్ధతిని పునఃపరిశీలిస్తున్నాము. ఈ విషయంలో తమ అవగాహనను, అమూల్యమైన సహకారాన్ని ఆశిస్తున్నాము.’

మా గుమస్తా గారు కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. “చాలా బావుందమ్మా. ఇంతకీ కొంటున్నామా, మానేశామా?”

“చదివినవాళ్లకి తెలుస్తుంది లెండి,” అన్నాను.

జవాబు రాలేదు. బేరంలో అవతలివాళ్లు నోరెత్తకపోతే ఒప్పుకున్నట్టే అని నా అనుభవం. నిశ్చింతగా ఉన్నాను.

చలి ముదిరాక ఒకరోజు పొద్దున్నే కొట్టు ముందు వ్యాను ఆగింది. నిండా బెల్లం. బాబాయ్ గారు దిగి, జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశారు. అందులో నా ఉత్తరం.

“మీ నాన్న ఒక్కనాడైనా ఓ మంచిమాటన్నాడా అమ్మాయ్? రంగు లేదు, పస లేదు అనేవాడు. నువ్వు చూడు, వెలకట్టలేనిదని రాశావ్. మా ఊళ్లో అందరికీ చూపించా. ఫ్యాక్టరీవాళ్లొస్తే సంతకం పెట్టనన్నా. మా అమ్మాయి సహకారం అడిగింది, ఎలా కాదంటానన్నా.”

స్టూలు లాక్కుని కూర్చున్నారు. బేరమాడి తగ్గించడానికి వీలుండేట్టు, ఎవరూ ఇవ్వని రేటు చెప్పారు.

“సరే,” అన్నాను.

“సరే ఏంటి?”

“సరేనండి. దింపించండి.”

“తేమ అనవేం?”

దింపడానికి కూలీని పిలవబోయాను. ఆయన కవర్లోంచి ఉత్తరం తీసి, అక్షరం అక్షరం కింద వేలు పెట్టి మళ్లీ చదివారు.

“నీకు నా బెల్లం అక్కర్లేదా?”

 కాటా వైపు చూస్తూ నిలబడ్డాను.

“ఆ ముక్క అప్పుడే చెబితే నాలుగు తిట్టి, టీ తాగి పోయేవాణ్ణి. చెరకు ఫ్యాక్టరీకి తోలుకునేవాణ్ణి. ఇప్పుడు నువ్వు దింపించుకున్నా దీన్ని చీమలే తింటాయి. అది నేను చూళ్లేను.”

డ్రైవరుకి బండి తియ్యమని చెప్పి, ఉత్తరం బల్ల మీద పెట్టారు. “వస్తానండి,” అన్నారు. ముప్పయ్యేళ్లలో నన్ను ‘అండీ’ అనడం అదే మొదలు.

బెల్లం గుడివాడ వైపు ఎవరికో పశువుల దాణా రేటుకి పోయిందని తర్వాత ఆ డ్రైవరే చెప్పాడు.

ఇక లెక్క. పోస్టు ఖర్చు తప్ప నాకు రూపాయి పోలేదు. నష్టమంతా ఆయనే మోశారు, ఏడాది చెరకు మొత్తం. నేను మిగుల్చుకున్నది ఒక గంట బస్సు ప్రయాణం, ఒక నిమిషం ఇబ్బంది. వాటికి బదులుగా, ఏడాదికి రెండు గంటలు నాతో పోట్లాడి ఏం వండుకున్నావని అడిగే మనిషిని ఇచ్చేశాను. బేరంలో ఇంత ఘోరంగా ఎప్పుడూ మోసపోలేదు, మోసం చేసిందీ నేనే. ఉయ్యూరు బస్సు ఇప్పటికీ రోజంతా ఉంది. నేనింకా ఎక్కలేదు. అది కూడా కలిపితేనే లెక్క సరిపోతుంది.