ఆయన బుక్ చేసిన గది

ఎనభైల మొదట్లో జెర్సీ సిటీలో మేమున్న బిల్డింగులో తెలుగు ఇళ్లు రెండే, మాదీ, కింది అంతస్తులోని అక్కయ్యదీ. చుట్టరికం లేకపోయినా అలాగే పిలిచేదాన్ని. ఆ వేసవిలో వాళ్లాయన ఆఫీసులో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారు. గుండెపోటు. పిల్లలు లేరు. అక్కయ్య ఏడవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లకి తనే కాఫీ కలిపి ఇచ్చింది.

అక్టోబరులో ఒక పొద్దున మా ఇంటికొచ్చింది.

“కాట్స్‌కిల్స్ కొండల మీద ఏదో లాడ్జి నుంచి ఫోనొచ్చిందే. ఈ శనివారానికి ఆయన రూమ్ బుక్ చేశారట. నాకు చెప్పనే లేదు.”

“క్యాన్సిల్ చేసేద్దాం అక్కయ్యా. నేను మాట్లాడతాను.”

“వద్దు. నువ్వు డ్రైవ్ చేస్తావుగా, తీసుకెళ్లు.”

ఆ పై వారమే వాళ్లన్నయ్య వచ్చి ఆమెను ఇండియా తీసుకెళ్లిపోతాడు. కాదనలేకపోయాను.

మేం కొండెక్కేసరికి చెట్లన్నీ ఆకులు రాల్చేసి ఉన్నాయి. దట్టంగా పొగమంచు. లాడ్జిలో మేం తప్ప ఎవరూ లేరు. దాన్ని నడిపే ముసలావిడ తలుపు తీసి, “మీవారేరీ?” అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అక్కయ్య తనకొచ్చిన ఇంగ్లీషులో, “వెనక వస్తున్నారు” అంది. అబద్ధమాడుతున్నట్టు లేదు ఆమె మొహం.

రాత్రి భోజనానికి ముసలావిడ మూడు ప్లేట్లు పెట్టింది. మా కోసం మాంసం లేకుండా బంగాళదుంపలు, చిక్కుళ్లు ఉడికించింది. “ఈ మంచులో ఆయనకి దారి కనిపిస్తుందా?” అంటూ మాటిమాటికీ కిటికీ దగ్గరికి వెళ్లి రోడ్డుకేసి చూస్తోంది. వరండాలో దీపం వేసింది. చివరికి మూడో ప్లేటులో కూడా వడ్డించి, చల్లారకుండా దాని మీద ఇంకో ప్లేటు బోర్లించింది.

అక్కయ్య ఫోర్క్ కింద పెట్టేసింది.

“హీ ఈజ్ డెడ్,” అంది. “మై హస్బెండ్ ఈజ్ డెడ్.”

ఆ మాట ఆమె నోట వినడం నాకదే మొదలు. తెలుగులో ఎప్పుడూ అనలేదు. ముసలావిడ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. అక్కయ్య ఆ ముక్కూమొహం తెలియని మనిషి భుజం మీద తల పెట్టి గుండెలవిసేలా ఏడ్చింది. ఎదురుగా కూర్చున్న నేను ఏం చెయ్యాలో తోచక, ఉప్పు లేని ఆ దుంపలే తింటూ ఉండిపోయాను.

తెల్లారినా మంచు విడలేదు. లాడ్జి వెనక కమ్మీల దగ్గర నిలబడితే లోయంతా కనిపిస్తుందని ముసలావిడ చెప్పింది. ఇద్దరం వెళ్లి నిలబడ్డాం. ఎటు చూసినా తెలుపే.

“కాసేపు ఆగుదామా అక్కయ్యా?”

“ఎంతసేపని? పద.”

దారంతా కారులో నిద్రపోయింది. అన్నయ్య వచ్చాడు, తీసుకెళ్లాడు.

మూడేళ్ల తర్వాత ఇండియా వెళ్లినప్పుడు చూసొచ్చాను. అన్నగారింట్లో వెనక గదిలో ఉంటోంది. బాగా చిక్కిపోయింది. నేను బయల్దేరితే గేటు దాకా వచ్చింది. మళ్లీ ఎప్పుడొస్తావని మాత్రం అడగలేదు.