తుపాకీ తన్నుకు కళ్లు మూయొద్దన్న పెద్దమ్మ

పోయిన నెల నయా రాయపూర్‌లోని మా అటవీశాఖ ఆఫీసులో మీటింగులో ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పెద్దమ్మ పోయింది. నిద్రలోనే." రాయపూర్ శివారు భన్‌పురిలో ఆమె ఇంటి గడప దాటేదాకా నాకు ఏడుపు రాలేదు.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా కుటుంబంలో పోలీసు ఉద్యోగంలో చేరిన మొదటి ఆడమనిషి. రిటైరయ్యేదాకా కొత్త కానిస్టేబుళ్లకు తుపాకీ పేల్చడం నేర్పింది. ఇంట్లో మాత్రం కుక్కర్ కూతకు ఉలిక్కిపడేది. మేం నవ్వితే, "అది సెప్పి కూత్తాదేటే?" అనేది.

కొన్నేళ్ల క్రితం నన్ను ఏనుగుల బృందంలో వేశారు. ఊళ్లమీదికి వచ్చే ఏనుగులను అడవిలోకి మళ్లించడం మా పని. మనుషుల ప్రాణాల మీదికొచ్చి, ఇక వేరే దారి లేనప్పుడు వాడడానికి నా దగ్గర ఒక పెద్ద రైఫిల్ ఉండాలన్నారు. ఉన్నవాటిలో నన్నే ఎంచుకోమన్నారు. అన్నిటికంటే పెద్ద తూటా పేల్చేది, మోయడానికి తేలికగా ఉన్నది తీసుకున్నాను. మొదటిసారి పేల్చగానే అది తన్నిన తన్నుకు భుజం కమిలిపోయింది. ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోయేవి. ఎదురుగా ఏనుగుంటే? నా వెనక జనం ఉంటే? అన్నం సహించేది కాదు. ఎవరికీ చెప్పుకోలేదు.

పెద్దమ్మకు చెప్పక్కర్లేకపోయింది. టీ గ్లాసు ఎడమచేత్తో అందుకోవడం చూసింది.

"సచ్ సెప్పు, దాయకు. కళ్లు మూసేస్తన్నావు కదే?"

తలూపాను.

"ఎవలికైనా అంతే. పద, సూద్దాం."

మా అధికారి అనుమతి తీసుకుని ఫైరింగ్ రేంజికి వచ్చింది. అటు తిరిగి రైఫిల్ సిద్ధం చేసి నా చేతికిచ్చింది. నొక్కాను. చప్పుడు లేదు. అయినా గొట్టం కొస కిందికి వంగింది.

"సూసినావా? లోపల గోలీ నేదు. తన్ను రాకముందే నువ్వు ముడుసుకుపోతన్నావు."

భుజానికి ఆనించే చెక్క నా చేతులకు పొడుగెక్కువైందనీ, అందుకే అది భుజం గుంటలో కుదరక ఎముక మీద కూర్చుంటోందనీ ఆమే కనిపెట్టింది. "తేలికది మొయ్యడానికి సుకం, పేల్చడానికి నరకం. బరువుంటే కొంత తన్ను అదే మింగుతాది."

తోటి అధికారి ఒకాయన, "హాథీ కే లియే బడీ వాలీ హీ చాహియే" అని, ఏనుగుకు పెద్ద తుపాకీయే కావాలని పట్టుబట్టాడు.

"బడీ వాలీ లేకే ఆంఖ్ బంద్ కరేగీ, తో కిస్‌కో లగేగీ?" అంది పెద్దమ్మ. పెద్దది పట్టుకుని కళ్లు మూసుకుంటే తూటా ఎవరికి తగులుతుందని ఆమె ప్రశ్న.

చివరికి ఏనుగుకు చాలినంత శక్తి ఉండి, తూటా ఒక మెట్టు చిన్నదైన బరువైన రైఫిల్ ఎంచుకున్నాం. చెక్క కోయించి, చివర మందపాటి రబ్బరు వేయించాం. నిలబడి, కాస్త ముందుకు వాలి పేల్చమనేది. రోజుకు నాలుగైదు తూటాలే. ఇంకొకటి అంటే ఒప్పుకునేది కాదు. "సాలు. భుజం నొప్పెడితే భయం నేర్సుకుంటాది."

ఆ చలికాలం మహాసముంద్ వైపు ఒక ఊరికి వెళ్లాం. మధ్యాహ్నం ఒక మగ ఏనుగు ఊరి చివరి ఇంటి గోడ కూల్చేసింది. లోపల ఒక ముసలమ్మ కదల్లేక ఉండిపోయింది. మేం ఇంటికి అడ్డంగా నిలబడగానే ఏనుగు మా మీదికొచ్చింది. రైఫిల్ ఎత్తాను. కళ్లు తెరిచే ఉన్నాయి. అందుకే దాని వేగం తగ్గడం చూడగలిగాను. ముందుకాళ్లు తన్నిపెట్టి ఆగింది. దుమ్ము మా ముఖాలకు కొట్టింది. నా వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. నొక్కలేదు. అది తల విదిలించి, అడవివైపు తిరిగింది. ముసలమ్మను మంచంతో సహా బయటికి మోసుకొచ్చాం.

పెద్దమ్మకు ఫోన్ చేశాను.

"పేల్చినావా?"

"లేదు పెద్దమ్మా. ఆగిపోయింది."

"నీకేటీ కానేదు కదా?" అని అడిగింది. నేను చెప్పినా మళ్లీ అదే అడిగింది.

ఆమె పోయిన దగ్గర్నుంచీ నాకు గుర్తొస్తున్నది ఆ ఏనుగు ఎదురుపడిన మర్నాటి పొద్దు. మా జీపు భన్‌పురి మలుపు తిరిగేసరికి, ఆగివున్న లారీల పక్కన, చీర మీద పెదనాన్న స్వెటర్ వేసుకుని, పెద్దమ్మ రోడ్డు అంచున నిలబడి ఉంది. వచ్చే ప్రతి బండిలోకీ వంగి వంగి చూస్తోంది.