వెర్నా ఎర్ర పెన్సిలు

చుట్టూ బాదం తోటలున్న ఆ కాలిఫోర్నియా ఊళ్లో, ఎన్నికల ఆఫీసు కౌంటర్ వెనక వెర్నా సిల్వేరా పదహారేళ్లుగా ఎర్ర పెన్సిలు పట్టుకుని కూర్చుంటోంది. బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు కింద వృత్తి మూడు మాటలకు మించకూడదు, అదీ నిజంగా చేసే పనే అయి ఉండాలి. ఆమె ఒక్కో మాటనూ గోటితో నొక్కి లెక్కపెడుతుంది. ‘ప్రముఖ’, ‘నిపుణ’ లాంటివి కనబడితే పళ్లు కొరుకుతూ కొట్టేస్తుంది. వచ్చినవాళ్ల మొహం చూడదు, చేతులే చూస్తుంది.

ఆ రోజు కౌంటీ పాలక బోర్డుకి పోటీ చేస్తున్న డ్వేన్ టాలీ కొత్త గడ్డి టోపీ పెట్టుకొచ్చి, ‘బాదం రైతు’ అని రాసిన ఫారం ఆమె ముందుకు తోశాడు. వెర్నా అతని మెత్తటి చేతులు చూసింది.

“చెట్లు ఏ నెలలో దులిపిస్తారు?”

“ఏప్రిల్లో.”

“ఏప్రిల్లో పచ్చికాయలుంటాయి. ఆగస్టులో దులుపుతారని ఈ ఊళ్లో పసిపిల్లల్నడిగినా చెబుతారు.” ఎర్ర గీత పడింది. “చేసే పని రాయండి.”

“అద్దె ఇళ్ల యజమాని అని రాస్తే నాకెవడేస్తాడమ్మా ఓటు?”

“నేనైతే వెయ్యను. మీ అద్దె ఇంట్లోనే ఉంటున్నా. రెండు చలికాలాలుగా పైకప్పు కారుతోంది.”

టాలీ మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. “ఏ ఇల్లు?”

“పద్నాలుగో నంబరు.”

అతను పెన్ను తీసి, ముందు ఆ నంబరు అరచేతిలో రాసుకున్నాడు. తర్వాతే ఫారం నింపాడు. వెర్నా గోటితో లెక్కపెట్టింది. అద్దె. ఇళ్ల. యజమాని.

“సరిపోయింది,” అంటూ ముద్ర గుద్దింది.