స్కూలు బస్సుకు అడ్డం వచ్చిన జీపు

మా బావ దగ్గర జీపు నడిపిన ఆరేళ్ళలో, రేపు ఏ పూటకు ఎక్కడుంటానో తెలిసిన రోజు నాకు ఒక్కటీ లేదు.

బావంటే మా అక్క భర్త. కొత్తగూడెంలో ఆయనకు రెండు జీపులుండేవి. ఒకటి ఆయన నడిపేవాడు, ఇంకొకటి నేను. మా ఊళ్ళోనే ఉన్న భద్రాచలం రోడ్ స్టేషన్లో పొద్దున రైలు దిగిన యాత్రికుల సంచి ఎవడు ముందు పట్టుకుంటే కిరాయి వాడిది. ఆ సంచుల కోసం సాటి డ్రైవర్ల కాలర్లు పట్టుకున్నాను. వాళ్ళూ నా కాలర్ పట్టుకున్నారు. పన్నెండు మందిని కుక్కి భద్రాచలం చేరిస్తే, అక్కడి నుంచి పర్ణశాల పోదామనేవారు. వాళ్ళు గోదావరి ఒడ్డున ఫోటోలు దిగి వచ్చేదాకా స్టీరింగు మీద తల ఆనించి పడుండాలి. నా పెళ్ళయిన మూడో రోజున ఎవరి పెళ్ళిబృందాన్నో ఏన్కూరులో దించడానికి పోయాను. "జల్దీ రా, కిరాయి పార్టీ ఉంది" అని బావ వాకిట్లోంచి కేకేస్తే, తింటున్న కంచం వదిలి లేచిన రోజులు లెక్కలేనన్ని.

రెండువేల అయిదు ప్రాంతంలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళకు బస్సు డ్రైవర్ కావాలంటే వెళ్ళి అడిగాను. పెద్ద బండి లైసెన్సు నాకు అప్పటికే ఉంది. సోమవారం నుంచి శనివారం దాకా డ్యూటీ. పొద్దున పిల్లల్ని తేవడం, సాయంత్రం దించడం. ఆదివారం సెలవు. బావకు ఈ సంగతి చెప్తే పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

"ఏంది, పోరగాళ్ళ ముక్కులు తుడిచే నౌకరా? జీపెక్కితే రాజువి. గాడ బెల్లు కొడితే లేవాలె, బెల్లు కొడితే కూసోవాలె."

"నీ కేకకు లేచే బదులు బెల్లుకే లేస్త బావా" అన్నాను.

ఆ మాటను ఆయన మర్చిపోలేదు. నేను వెనక్కి తీసుకోనూ లేదు.

మొదటి నెలంతా నాకు నమ్మకం కుదరలేదు. ఏడూ ఇరవైకి గనికార్మికుల క్వార్టర్ల మూల మీద రోజూ అదే తల్లి, అదే పాప, ఆ పాప చేతిలో సగం తిన్న ఇడ్లీ. శుక్రవారం సాయంత్రం చేపలు తెస్తానని నా భార్యకు సోమవారమే చెప్పాను, తెచ్చాను. ఇంత చిన్న మాట నిలబెట్టుకోవడానికి నాకు ఆరేళ్ళు పట్టిందా అనిపించి, సంతోషం కంటే ముందు ఒళ్ళు మండింది.

ఆ ఏడు ముక్కోటి వచ్చింది. భద్రాచలానికి జనం విరగబడే రోజులు. సరిగ్గా అప్పుడే, నా బదులు బావ పెట్టుకున్న డ్రైవర్ మానేశాడు. నన్ను రమ్మని ముందు అక్కతో అడిగించాడు. స్కూలుంది, కుదరదన్నాను. ముక్కోటి ముందు రోజు పొద్దున నేను పిల్లలతో వస్తుంటే, కాలనీ మలుపులో జీపును రోడ్డుకు అడ్డంగా పెట్టి నిలబడ్డాడు. నేను బస్సు ఆపి దిగాను.

"నడువ్. మూడు రోజులు నా బండి నడుపు, గా తర్వాత నీ సర్కస్ బండెక్కు."

"పిల్లలున్నరు బావా. జీపు తియ్యి."

"నీకు అన్నం పెట్టిన బండిరా ఇది!"

"అన్నం కాడి నుంచి లేపిన బండి."

చెంప మీద కొట్టాడు. బస్సులో గోల ఠక్కున ఆగిపోయింది. నా చెయ్యీ లేచింది. స్టేషన్లో అయితే ఆగేది కాదు. కొడితే రేపు నా సీట్లో ఇంకొకడు కూర్చుంటాడని తట్టి, చెయ్యి దించుకున్నాను. బస్సు ఆయా, యాభై దాటిన మనిషి, అప్పటికి కిందికి దిగింది.

"ఓ అయ్యా, బడి టైమైతుంది. బండి తీస్తవా, కాలనీల మొగోళ్ళందర్ని పిలవాల్నా?"

పిలవక ముందే ఇద్దరు ముగ్గురు గేట్ల దగ్గరికి వచ్చారు. బావ వాళ్ళ వంక చూసి, జీపు తీసుకుని పోయాడు.

బడికి ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. ప్రిన్సిపాల్ మేడం సంజాయిషీ రాసిమ్మంది. ఇంటి గొడవ ఇంకోసారి రోడ్డు మీదికొస్తే ఉద్యోగం ఉండదంది. ఈ ఉద్యోగం పోతుందేమోనని భయపడుతూనే ఆ కాగితం రాసిచ్చాను. జీపు పోతుందని మాత్రం నేనెన్నడూ భయపడలేదు.

బావ కోపం అక్క మీద తీర్చుకున్నాడు. "వాని గడప తొక్కితే మళ్ళ నా గడప తొక్కకు" అన్నాడట. అక్క రావడం మానేసింది. అందుకని నేనే పోవడం మొదలుపెట్టాను, ప్రతి ఆదివారం పదింటికి. వసారాలో ఆయన కుర్చీకి ఎదురుగా కూర్చునేవాణ్ణి. ఆయన లేచి బయటికి పోయేవాడు.

"గాయన్ను ఉడికించనీకి వస్తున్నవారా?" అని ఒక ఆదివారం అక్క అడిగింది.

"అవ్. నిన్ను చూడనీకి గూడ."

అక్క నవ్వాపుకుంటూ టీ పెట్టడానికి లోపలికి పోయింది. బావ వాకిట్లో సెల్‌ఫోను చేతిలో పట్టుకుని జీపు చుట్టూ తిరుగుతున్నాడు. ఏ పార్టీ ఫోన్ చేస్తుందో, చెయ్యదో. అక్క తెచ్చిన టీ నిదానంగా తాగాను. ఆయన తొంగి చూడగానే, ఇంకో గ్లాసు తెమ్మని గట్టిగా అడిగాను.