కళాయి లేని గుండిగ

మొన్న అమీర్‌పేట సందులో ఎవరో పాత ఇత్తడి గిన్నెలకు కళాయి పూయిస్తున్నారు. కాలిన గిన్నెపై చల్లిన నవాసారం పొగ ముక్కుకు తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. ఆ ఘాటుతో పాటే నాకు ఎస్తేరమ్మ టీచరు గుర్తొస్తుంది. మా ప్రార్థన గుడి పక్కన చిన్న బడి నడిపేది. నేను ఆమె దగ్గర కొత్తగా చేరిన పంతులమ్మను. పిల్లలు తెచ్చుకున్న సద్ది మూత తీసి వాసన చూడందే తిననిచ్చేది కాదు. "టీచరమ్మా, మీది బడా, పోలీసు నాకానా?" అని తల్లులు ఆటపట్టించేవారు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా హైదరాబాదు ఇంకా నిజాం ఏలుబడిలోనే ఉన్న ఏడాది అది. ఎవరిని చూసినా అనుమానమే. పంజాగుట్ట వైపు గుడిసెలో ఉండే ముసలి కళాయి సాయిబు ఏళ్లుగా మా గిన్నెలన్నిటికీ పూత వేసినవాడు. అలాంటివాణ్ని రజాకార్ల మనిషేమోనని మా నాన్న దానియేలే ముందుండి తరిమేశాడు. టీచరు వద్దు వద్దన్నా ఎవరూ వినలేదు.

కోత పండుగనాడు గుడి ముందర అందరికీ కలిపి వండటం మా ఆనవాయితీ. ఆ ఏడు టీచరుకు చూపకుండానే పెద్ద ఇత్తడి గుండిగ పొయ్యెక్కించారు. పొద్దున్నే చింతపులుసు కాచి, ఆరాధన ముగిసేదాకా అందులోనే ఉంచారు. తిన్న కాసేపటికే వాంతులు. పిల్లలు కడుపు పట్టుకుని మెలికలు తిరిగారు. నా చెల్లెలు కళ్లు తేలేసింది.

"గా సాయిబే బావిల విషం కలిపిండు!" అని ఎవరో అరిచారు. నాన్న అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. అందరి చేతుల్లో కర్రలు లేచాయి. అంతకుముందే కీర్తన పాడిన నోళ్లు "సంపుదాం పదండి" అంటున్నాయి. నా చెవులను నేను నమ్మలేకపోయాను. ఇవాళ్టికీ నమ్మలేను.

టీచరు ఖాళీ గుండిగను గుంపుకు అడ్డంగా దొర్లించి, లోపల వేలితో గీకి నాన్న ముఖం ముందు పెట్టింది. వేలు ఆకుపచ్చగా ఉంది.

"నేను పులుసు ముట్టలే. బావి నీళ్లు పొద్దటి సంది తాగుతున్న. నాకేమాయె? గిది చిలుము, దానియేలూ. పూత పోయిన ఇత్తడిల పులుసు కాసిండ్రు."

"మరి పూత ఎందుకు లేదు?" అన్నాడు నాన్న.

"పూసెటోణ్ని నువ్వే గద తరిమినవ్!"

నాన్న చేతిలోంచి కర్ర జారింది. తెల్లారేసరికి పిల్లలు తేరుకున్నారు. టీచరు నాన్ననే వెంటబెట్టుకుని వెళ్లి సాయిబును పిలుచుకొచ్చింది. నాన్నను చూసినప్పుడల్లా ఆ ముసలాయన పని ఆపి వెనక్కి జరిగాడు. ఆ భయంతోనే మా గుండిగకు పూత వేశాడు.

ఇప్పుడు మా ఇంట్లో అన్నీ స్టీలు గిన్నెలే. అయినా ఎవరైనా "వాళ్లే విషం పెట్టారు" అంటే, నా వేలు ముందు మా గిన్నె అడుగునే తడుముతుంది.