బాలకిషన్ లెక్కలో శనికోట సినిమాలు

నారాయణగూడలో కళ్లద్దాల దుకాణం నడిపే బాలకిషన్ లెక్కలో శనికోట సినిమాలు ఇప్పటికి ఆరు. అల్లుడు సుమంత్ లెక్కలో ఎనిమిది. ఆ విదేశీ అంతరిక్ష సినిమాల్లో మొదటి రెండూ తెలుగులోకి రాలేదు. మూడోదాన్ని డబ్బింగ్ చేసినవాళ్లు పోస్టర్ మీద ధైర్యంగా ‘మొదటి భాగం’ అని అచ్చేశారు. చిక్కడపల్లి నమ్మింది. బాలకిషన్ ఇంకా నమ్ముతున్నాడు.

ఆ పేలుళ్లకు భార్య విద్యావతికి తల నొస్తుంది. అందుకని ఆరింటినీ ఆయన కూతురు అనూహ్యతోనే క్రాస్‌రోడ్స్ థియేటర్లలో చూశాడు. మొదటిదానికి పిల్ల భయపడి ఆయన చొక్కా పట్టుకుంది. ఆరోదానికి టికెట్లు తనే బుక్ చేసింది.

పెళ్లయి అశోక్‌నగర్‌లో కాపురం పెట్టిన అనూహ్య ఒక ఆదివారం భర్తతో భోజనానికొచ్చింది. కొత్త శనికోట వస్తోందన్న మాట లేచింది.

“ఏడోది,” అన్నాడు బాలకిషన్.

“తొమ్మిదోది, మామ,” అన్నాడు సుమంత్. “మొదటి మూడు కోట కట్టిన కథ. తర్వాత మూడు యుద్ధం. ఆఖరి రెండు యుద్ధం అయినంక పుట్టినోళ్లది.”

“పోస్టర్ మీద మొదటి భాగమనే ఉండె.”

“పోస్టరోడు రాస్తే అయిపోతదా?”

“నిజమే డాడీ,” అంది అనూహ్య. “ఆ రెండు మేం మొన్న ఇంట్ల చూసినం.”

బాలకిషన్ చెయ్యి పప్పన్నంలో ఆగిపోయింది. తను లేకుండా, రెండూ.

దీనికి తండ్రి ప్రేమ అని పేరు పెట్టి కళ్లొత్తుకునేవాళ్లుంటారు. నాకంత ఓపిక లేదు. అది అసూయ.

“శనివారం ముగ్గురం పోదాం,” అంది అనూహ్య. ఆయన సరేనన్నాడు. శుక్రవారమే దుకాణం షట్టర్ దించి పొద్దుటి ఆటకు ఒక్కడే వెళ్లాడు. అల్లుడికంటే ముందు చూడాలి, అంతే. సినిమా బాగుంది. పక్కకు తిరిగి ఆ మాట చెప్పడానికి మాత్రం మనిషి లేదు.

శనివారం కూతురికీ అల్లుడికీ మధ్య సీట్లో కూర్చున్నాడు. తెర మీద కోట కమాండర్ జోకు వేయడానికి నోరు తెరవకముందే బాలకిషన్ నవ్వేశాడు.

“ముందే చూసినవ్ గద డాడీ,” అంది అనూహ్య చిన్నగా.

“లేదు.”

“మరి ఎందుకు నవ్వినవ్?”

“...నిన్న వచ్చిన. ఒక్కన్నే.”

“అయితే మీ లెక్కల ఇది ఏడోదా, ఎనిమిదోదా మామ?” సుమంత్‌కు దొరికింది సందు.

“ఏడోదే. నిన్నటిది లెక్కల్లకు రాదు.”

“ఎందుకు రాదు?”

“బిడ్డ లేకుండె గద.”

సుమంత్ ఏదో అనబోయాడు. అనూహ్య అతని చేతిలోని పాప్‌కార్న్ డబ్బా తీసుకుని తండ్రి ఒళ్లో పెట్టింది. బాలకిషన్ దాన్ని మళ్లీ అల్లుడివైపు జరపలేదు.